దీవి ఎంచుకునే ముందు నెల చూడండి

థాయ్‌లాండ్ అనగానే ఫుకెట్ టికెట్లు బుక్ చేసేస్తాం. పిల్లల సెలవులు ఎప్పుడన్నది ముందు చూసుకోవాలి. ఫుకెట్, క్రాబీ అండమాన్ సముద్రం వైపు ఉంటాయి. అక్కడ మే నుంచి అక్టోబరు దాకా నైరుతి వానలు. హోటళ్లు చవగ్గానే దొరుకుతాయి గానీ, బీచ్‌లో ఎర్రజెండా పెడితే నీళ్లలో దిగే పని లేదు.

వేసవి సెలవుల్లోనే వెళ్లాలంటే అటు తూర్పున, థాయ్‌లాండ్ సింధుశాఖ (గల్ఫ్) వైపున్న కో సముయ్ దీవి మేలు. దానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అందులోనూ నవంబరు మరీ ఘోరం. మన కోస్తాకి ఈశాన్య రుతుపవనాలు వచ్చే రోజులే అవి.

సంక్రాంతి సెలవులకైతే నిశ్చింతగా ఫుకెట్, లేదా మలేషియాలో లంకావి. అప్పుడు బాలి వద్దు, అక్కడ జనవరి అంటే జోరువానలు. దసరాకి మాత్రం నా ఓటు బాలికే.

నగరం ఒక్కటి చాలు. విమానం బ్యాంకాక్‌లోనో కౌలాలంపూర్‌లోనో దిగితే అక్కడే రెండు రోజులు ఉండండి. వారంలో మూడు దీవులు పెట్టుకుంటే సగం సెలవు ఫెర్రీ రేవుల్లో సామాన్లు మోయడానికే సరి.