రెండో రాత్రి బిడ్డ ఏడుపు ఆపకపోతే

కోనసీమలో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్ళో తల్లీబిడ్డల్ని చూసుకునే నర్సుగా, నాకు పందొమ్మిదేళ్ళు. బాలింతని చూడ్డానికి వెళ్తే గుమ్మంలోనే వినిపించే మాట ఒకటుంది: "పాలు పడలేదండీ, డబ్బా తెప్పించాం." ఆ పాలపొడి డబ్బా చాలా ఇళ్ళలో కాన్పయిన రెండో రాత్రే వస్తుంది. అందుకే ఆ రాత్రి ఎలా గడపాలో చెప్తాను.

మొదటి రోజు బిడ్డ కడుపు పట్టేది చెంచాడు పాలే. ముర్రుపాలు వచ్చేదీ అంతే, చిక్కగా, పసుపుపచ్చగా. పిండితే నాలుగు చుక్కలే రాలాయని కంగారు పడకండి, బిడ్డకి మొదటి టీకా అవే. కాన్పయిన గంటలోపే పట్టించండి. సిజేరియన్ అయినా సరే, తల్లికి మెలకువ ఉంటే పక్కన ఎవరో ఒకరు సాయం పట్టి పట్టించొచ్చు. తేనె, పంచదార నీళ్ళు, ఆముదం నాలిక్కి రాయొద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దు.

రెండో రాత్రికి బిడ్డకి పుట్టిన మత్తు వదులుతుంది. గంటకోసారి, ఒక్కోసారి అరగంటకే రొమ్ము వెతుక్కుంటుంది. పాలు లేక కాదు, పాలు దింపుకోవడానికి. ఎంత చీకితే అంత ఊరతాయి, పాలు ఊరించే హార్మోను రాత్రిళ్ళే ఎక్కువ. ఆ రాత్రి డబ్బా పాలు పడితే బిడ్డ మూడు గంటలు పడుకుంటుంది. ఆ మూడు గంటలూ రొమ్ము చీకేవాళ్ళుండరు. నా పెద్దాడికి నేనదే చేశాను. అప్పటికి ఈ ఉద్యోగంలో లేను. ఆసుపత్రిలో పట్టమన్నారు, పట్టాను. నెల తిరిగేసరికి వాడు రొమ్ము పట్టడం మానేశాడు. ఆ బాధ నాకింకా ఉంది. బిడ్డ బరువో, షుగరో చూసి డాక్టరు పట్టమంటే మాత్రం పట్టాల్సిందే, అది వేరే సంగతి.

మొన్న ఒకింటికి వెళ్ళాను. ఆపరేషనై మూడో రోజు. ఆ అమ్మాయి గోడకి చేరబడి, మెడ వంచి, బిడ్డ నోట్లో చనుమొన కుక్కుతోంది. అప్పటికే మొన చిట్లి నెత్తురు జీర కనిపిస్తోంది. "ఇలా కాదు తల్లీ, పక్కకి తిరిగి పడుకో" అని, బిడ్డ వీపు వెనక పాత చీర చుట్టచుట్టి పెట్టాను. బిడ్డ పొట్ట తల్లి ఒంటికి ఆనాలి. చెవి, భుజం, తుంటి ఒక్క వరసలో ఉండాలి. ముక్కు చనుమొనకి ఎదురుగా ఉంచి, మొనతో పై పెదవి మీద రాస్తే ఆవులించినట్టు నోరు తెరుస్తుంది. అప్పుడు బిడ్డని దగ్గరికి లాక్కోవాలి, రొమ్ముని బిడ్డ మీదికి వంచకూడదు. గడ్డం రొమ్ముకి తగలాలి, కింది పెదవి బయటికి విచ్చుకోవాలి, మొన చుట్టూ ఉండే నల్లటి భాగం కిందివైపు దాదాపు కనపడకూడదు. నొప్పి పుడితే చిటికెనవేలు నోటి చివర దూర్చి విడిపించి మళ్ళీ పట్టించాలి. నాలుగోసారికి కుదిరింది. కాసేపటికి చెవి దగ్గర దవడ కదిలింది, గుటక వినపడింది. పంచదార నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడ్డ అమ్మమ్మగారు గిన్నె కింద పెట్టేసి, "మింగుతోందే!" అన్నారు.

బిడ్డ అసలు పట్టకపోతే చేత్తో పిండండి. చేతులు కడుక్కుని, బొటనవేలు పైన, చూపుడువేలు కింద, మొనకి అంగుళంన్నర దూరంలో పెట్టండి. ముందు ఛాతీవైపు నొక్కి, తర్వాత వేళ్ళు దగ్గరికి తెచ్చి వదలండి. చర్మం మీద వేళ్ళు జారకూడదు, మొనని లాగకూడదు. ధార తగ్గితే వేళ్ళు పక్కకి జరపండి. మరిగించిన ఉగ్గుగిన్నెలో పట్టి, బిడ్డని కాస్త నిటారుగా ఎత్తుకుని, కొంచెం కొంచెంగా తాగించండి. పాలపీక మాత్రం వద్దు. మన ఎండలకి పిండిన పాలు బయట నాలుగు గంటలు మించి ఉంచొద్దు.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపుని బట్టి కాదు, గుడ్డల్ని బట్టి చూడాలి. మొదటి రోజు ఒక్కసారి ఉచ్చ పోసినా చాలు. రెండో రోజు రెండు, మూడో రోజు మూడు. అయిదో రోజు దాటాక ఇరవైనాలుగు గంటల్లో ఆరుకి తగ్గకూడదు. విరేచనం నలుపు నుంచి పసుపుకి మారాలి. మొదట్లో బరువు కాస్త తగ్గుతుంది, రెండు వారాల్లో తిరిగి పుట్టిన బరువుకి రావాలి. ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు వస్తుంది, ఆవిడ చేత తూకం వేయించండి.

బాలింతకి నీళ్ళు తగ్గించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. దయచేసి అలా చెయ్యొద్దు. దాహమైనప్పుడల్లా తాగనివ్వండి. పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టండి. ఐరన్ మాత్రలు కాన్పయ్యాక కూడా 180 రోజులు వెయ్యాలి, టీతో కాకుండా.

ఏడవాల్సిన బిడ్డ ఏడవకుండా మగతగా పడుండి పాలకి లేవకపోతే, కామెర్ల పచ్చదనం అరచేతులకీ అరికాళ్ళకీ పాకితే, నిమిషానికి అరవై, అంతకు మించి ఊపిరి తీస్తుంటే, ఒళ్ళు కాలినా చల్లబడినా తెల్లారేదాకా ఆగొద్దు. తల్లికి గంటలో ప్యాడ్ తడిసిపోయేంత నెత్తురు పోయినా, తలనొప్పితో కళ్ళు మసకలైనా అంతే. 108కి చేసి, దారిలో బిడ్డని తల్లి ఎదకి ఆనించి దుప్పటి కప్పండి.