పంచర్ వేసిన ట్యూబే మళ్ళీ మళ్ళీ దిగిపోతోందా? టైరు సంగతి తర్వాత, ముందు రిమ్ చూడండి

ఇది స్పోక్ వీల్, ట్యూబ్ టైరు ఉన్న బళ్ళకి మాత్రమే, అంటే స్పోక్ చక్రాల స్ప్లెండర్, పాత బుల్లెట్, టీవీఎస్ ఎక్సెల్ అలాంటివి. ట్యూబ్‌లెస్ వాళ్ళకి ఇందులో ఏం లేదు. చక్రం ఊడదీయడం, లివర్లతో టైరు విప్పడం వచ్చనుకునే రాస్తున్నా.

అసలు స్పానర్ పట్టుకోకముందే చేయాల్సింది ఒకటుంది. వాల్వ్ క్యాప్ తీసి మూతి మీద కాస్త ఉమ్మి రాయండి. బుడగ లేచిందంటే లోపలి పిన్ను లీకు, బిగించి చూడండి, ఆగకపోతే కొత్తది వేయండి, చిల్లర ఖర్చు. ఇది చూడకుండా చక్రం మొత్తం విప్పేసి, ట్యూబ్ బక్కెట్లో తిప్పి తిప్పి ముంచి, చిల్లు ఎక్కడా దొరకట్లేదన్నా అని ఫోన్ చేసేవాళ్ళు ఎంతమందో. వాల్వ్ కూడా నీళ్ళలో ముంచాలి కదా బాబూ!

పిన్ను బాగుంటే అప్పుడు విప్పండి, కానీ ట్యూబ్ బయటికి లాగేముందు వాల్వ్ ఎదురుగా టైరు మీద సుద్దతో ఒక గీత, చైన్ వైపు ఏదో తెలిసేలా ఇంకో గుర్తు పెట్టుకోండి. ట్యూబ్ మీద చిల్లు దొరికాక దాన్ని మళ్ళీ టైరు పక్కన అలాగే పెట్టి చూస్తే, గుచ్చింది ఎక్కడుందో తిన్నగా అక్కడికే వెళ్ళొచ్చు.

చిల్లు రోడ్డు వైపు ఉంటే ముల్లో మేకో. మన దగ్గర సర్కారు తుమ్మ ముల్లు మొన విరిగి టైర్లోనే ఉండిపోతుంది, పైనుంచి కనపడదు, హైవే మీద లారీ టైర్లు పేలినచోట పడుండే సన్న తీగ ముక్కలూ అంతే. టైరు లోపల గుడ్డతో తుడవండి, గుడ్డ పట్టేసిన చోట అది ఉన్నట్టు, వేలు మాత్రం పెట్టకండి. పక్కపక్కనే రెండు గాట్లుంటే, గాలి కొట్టగానే దిగితే లివర్ నొక్కేసినట్టు, కొన్నాళ్ళు నడిచాక అయితే గాలి తక్కువతో గుంతలో పడేసినట్టు. ఎక్కించేటప్పుడు ట్యూబ్ గుండ్రంగా నిలబడేంత గాలి ఉంచి, వాల్వ్‌కి ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి, చివర్లో వాల్వ్‌ని ఒకసారి లోపలికి తోసి వదలండి.

ఇక నన్ను బాగా తిప్పలు పెట్టింది, జనం అస్సలు చూడనిది: చిల్లు లోపలి వైపు, అంటే రిమ్ వైపు ఉండటం. ఇది ముల్లు పని కాదు. లక్షణం ఏంటంటే ప్యాచ్ వేస్తారు, కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ దిగుతుంది, చూస్తే పాత ప్యాచ్ పక్కనే సూదిమొన అంత చిల్లు. పంచర్ షాపులో ట్యూబ్ పాతబడింది మార్చేయమంటారు, కొత్తదీ అలాగే పోతుంది, దాంతో ట్యూబ్ కంపెనీని తిట్టుకుంటారు. ఇలాంటప్పుడు నేను అడిగేది ఒక్కటే, ఈ మధ్య చక్రం బెండు తీయించారా? బెండు తీసేటప్పుడు స్పోక్‌లు బిగిస్తారు, బిగించేకొద్దీ స్పోక్ చివర నిపుల్ (స్పోక్‌ని రిమ్‌కి పట్టి ఉంచే చిన్న నట్టు) దాటి రిమ్ లోపలికి పొడుచుకొస్తుంది, దాన్ని అరగదీయాలి, చాలామంది అరగదీయరు. ట్యూబ్‌కీ దానికీ మధ్య అడ్డం రిమ్ టేప్, అంటే రిమ్ లోపల చుట్టూ వేసే పట్టీ, ఒక్కటే. బండి నడిచేకొద్దీ ఆ మొన టేప్‌ని తొలుచుకుంటూ ట్యూబ్‌ని చేరుతుంది, అందుకే వెంటనే బయటపడదు. బెండు తీయించకపోయినా టేప్ పక్కకి జరిగినా, ఎండిపోయి చీలినా, వానాకాలం నీళ్ళు చేరి రిమ్ లోపల తుప్పు పొట్టు లేచినా ఇదే కథ.

టేప్ మొత్తం తీసేయండి, పైపైన చూస్తే లాభం లేదు. ప్రతి నిపుల్ మీద గుడ్డ పెట్టి లాగండి, తగిలిందల్లా ఆకురాయితో నిపుల్‌కి సమానంగా అరగదీయండి, తుప్పుని ఎమెరీ పేపర్‌తో గీకి పొడి లేకుండా తుడవండి. తర్వాత నిపుల్స్ అన్నిటినీ కప్పేంత వెడల్పున్న కొత్త టేప్ వేసి, దాని కన్నం వాల్వ్ కన్నానికి సరిగ్గా ఎదురుగా పెట్టండి. దారిలో ఉండి ఇంకేం దొరక్కపోతే పాత ట్యూబ్ పట్టీ కోసి వేసినా ఇంటికి చేరతారు. కరెంటు టేప్ మాత్రం వద్దు, వేడికి జిగురు కరిగి ముడతపడి అదే ఇంకో చిల్లు పెడుతుంది.

వాల్వ్ ట్యూబ్‌కి అతుక్కున్న చోట చిరిగితే ప్యాచ్ నిలవదు, ట్యూబ్ మార్చాల్సిందే. గాలి తక్కువతో తిప్పితే టైరు రిమ్ మీద జరిగి ట్యూబ్‌ని లాగేస్తుంది, వాల్వ్ వంకరగా నిలబడిందంటే అది మొదలైనట్టు, గాలి తీసి సరిచేసుకోండి. ఎంత గాలి ఉండాలో చైన్ కవర్ మీదో మాన్యువల్‌లోనో రాసుంటుంది, వెనక మనిషి కూర్చుంటే వేరే అంకె ఉంటుంది, అదీ చూడండి.

ట్యూబ్ అతుకు విడిపోవడం, కొత్త టైరు లోపలి స్టిక్కర్ ట్యూబ్‌కి రాసుకోవడం, ఇవి ఉండవని కాదు, పైవన్నీ చూశాక కూడా దిగుతుంటే అప్పుడు ఆలోచించండి.