సోలార్ కంటే ముందు ఫ్యాన్లు మార్చండి, కరెంట్ బిల్లు అక్కడే సగం దిగుతుంది

ఎండాకాలం రాగానే మా ఖమ్మంలో తెలిసినవాళ్ళందరూ అడిగేది ఒకటే, సోలార్ ఎన్ని కిలోవాట్లు పెట్టించాలి అని. నేను చెప్పేది ఏంటంటే ముందు వాడకం తగ్గించండి, ఆ తర్వాతే సోలార్ లెక్క వేయండి, లేకపోతే పాత ఫ్యాన్లు తాగే కరెంట్ కోసం ప్యానెళ్ళు కొన్నట్టు అవుతుంది.

ముందు ఏడాది బిల్లులు తీసి ఏ నెల ఎన్ని యూనిట్లు కాలాయో ఒక కాగితం మీద రాసుకోండి. తెలంగాణలో 200 యూనిట్ల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. నెలకి సరిగ్గా 200 కాలితే మొదటి 100కి 3.40 చొప్పున, తర్వాతి 100కి 4.80 చొప్పున, మొత్తం ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. అదే 201 అయిందనుకోండి, మొదటి 200 మొత్తానికీ యూనిట్‌కి 5.10 చొప్పున పడుతుంది, పైన ఆ ఒక్క యూనిట్‌కి 7.70, వెరసి 1,027 దాటుతుంది, అంటే ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల పైమాటే! గృహజ్యోతి ఉన్నవాళ్ళకైతే 200 దాటితే ఆ నెల జీరో బిల్లు పోయినట్టే.

ఇక ఫ్యాన్లు. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంట్‌తో తిరిగే మోటార్ ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే ఫుల్ స్పీడ్‌లో కూడా 30 వాట్ల దగ్గరే ఉంటుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 80 యూనిట్లు మిగులుతాయి. పాత చోక్ ట్యూబ్‌లైట్లు ఉంటే తీసేసి ఎల్‌ఈడీ పెట్టండి, దాని గురించి ఇంక చెప్పేదేం లేదు. ఏసీ 18లో పెట్టి దుప్పటి కప్పుకునే బదులు 26లో పెట్టి ఫ్యాన్ వేసుకోండి, ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ వాడకం సుమారు 6 శాతం తగ్గుతుంది. పైఅంతస్తులో ఉండేవాళ్ళు ఫిబ్రవరిలోనే స్లాబ్ మీద తెల్ల కూల్‌రూఫ్ పెయింట్ వేయించండి, రాత్రి పది దాటినా స్లాబ్ నుంచి కొట్టే సెగ తగ్గిందని చేయి పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఇవన్నీ అయ్యాక మిగిలిన వాడకానికి సోలార్. మన ఎండకి 1 కిలోవాట్ రోజుకి సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, 100 చదరపు అడుగుల జాగా కావాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కి 30 వేలు, 2కి 60 వేలు, 3 కిలోవాట్లు ఆపైన ఎంత పెట్టినా 78 వేలు సబ్సిడీ. ఆ డబ్బు నెట్ మీటర్ (మనం లైన్‌కి ఇచ్చిన కరెంట్, తీసుకున్న కరెంట్ రెండూ లెక్కేసే మీటర్) బిగించి అంతా అయ్యాక మన బ్యాంక్ ఖాతాలో పడుతుంది. పోర్టల్‌లో రిజిస్టర్ అయిన వెండర్ దగ్గరే చేయించాలి, ప్యానెళ్ళు ఇండియాలో తయారైన డీసీఆర్ రకమే ఉండాలి, బిల్లు మీద ఆ మాట రాయించుకోండి.

నీడ సంగతి మాత్రం ఎవరికీ వదిలేయకండి. మా ఇంటికి వచ్చిన వెండర్ పొద్దున వచ్చి కొలతలు తీసుకుని వెళ్ళిపోయాడు, బిగించాక చూస్తే మధ్యాహ్నం మూడింటికల్లా మా వాటర్ ట్యాంక్ నీడ చివరి రెండు ప్యానెళ్ళ మీద పడుతోంది. ప్యానెళ్ళన్నీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి రెండింటి మీద నీడ పడినా మిగతా వాటి ఉత్పత్తి కూడా దెబ్బతింటుంది, చివరికి స్ట్రక్చర్ జరిపించాల్సి వచ్చింది. అందుకే డిసెంబర్‌లో ఒకరోజు 9కి, 12కి, 3కి మేడెక్కి నీడ ఎక్కడ పడుతుందో సున్నంతో గీత గీసుకోండి, అప్పుడు సూర్యుడు బాగా కిందకి ఉంటాడు కాబట్టి నీడలు పొడుగ్గా పడతాయి. ప్యానెళ్ళు దక్షిణం వైపు చూడాలి.

ఇంకోటి, బ్యాటరీ లేకుండా కరెంట్ లైన్‌కే కలిపే ఆన్‌గ్రిడ్ సోలార్ ఉన్నా కరెంట్ పోతే ఇంట్లో కరెంట్ ఉండదు, లైన్ మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోతుంది. కోతలు ఎక్కువున్న ఊళ్ళో బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ గురించి ముందే అడగండి. పెట్టాక ప్యానెళ్ళు దుమ్ము పట్టకుండా తెల్లవారుజామున, గాజు చల్లగా ఉన్నప్పుడే మామూలు నీళ్ళతో కడగండి, ఉప్పు బోరు నీళ్ళతో వద్దు, ఆరాక తెల్లటి మరకలు గాజుకి పట్టేసి ఎంత తుడిచినా పోవు.