స్టేజీ మీద మబ్బు, 4వ పాఠం: పొగ ఆగిన బకెట్

పోయిన పాఠం చదివి, బకెట్ నీళ్లలో డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వేసి స్టేజీ పొగ పుట్టించి చూసినవాళ్లలో చాలామంది ఒకే మాట రాశారు. "మొదట్లో బుసబుసా పొంగింది, నాలుగైదు నిమిషాలకే చప్పబడిపోయింది, సరుకు మంచిది కాదేమో" అని. సరుకు మంచిదే. ఎన్ని నీళ్లకు ఎంత డ్రై ఐస్ వెయ్యాలో నేను చెప్పకుండా వదిలేశాను. అందుకే ఈసారి చెబుదామనుకున్న, పొగను నడిపించే గొట్టాల సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

ఒకాయన కొలతలతో సహా రాశారు, దాంతో నా పని తేలికైంది. పది లీటర్ల కుళాయి నీళ్లు, రెండు కిలోల డ్రై ఐస్. ఇక్కడే ఉంది కిటుకంతా. డ్రై ఐస్ మైనస్ 78.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. కరగదు, ఘనం నుంచి నేరుగా వాయువైపోతుంది. అలా మారడానికి కిలోకు 570 కిలోజౌళ్ల దాకా వేడి కావాలి, ఆ వేడిని నీళ్లలోంచే లాక్కుంటుంది. ఈ లెక్కంతా గుర్తుండాల్సిన పని లేదు. నేను గుర్తుపెట్టుకునేది ఒక్కటే: లీటరుకు 100 గ్రాములు వేస్తే నీళ్లు దాదాపు 15 డిగ్రీలు దిగుతాయి. ఆయన లీటరుకు 200 గ్రాములు వేశారు, అంటే 30 డిగ్రీలు. మన కుళాయి నీళ్లు ఉండేదే 28. అవి సున్నాకు చేరిపోయాయి.

నీళ్లు ఆ స్థితికి వచ్చాక డ్రై ఐస్ ఉన్న తీగ బుట్టను పైకెత్తి చూడండి. డ్రై ఐస్ నీటికన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. ముక్క చుట్టూ మామూలు మంచు పెంకులా కట్టి ఉంటుంది. చెంచాతో తడితే అది టక్కున చిట్లుతుంది, ఆ చీలికలోంచి సన్నటి ఈల లాంటి చప్పుడు వస్తుంది. లోపల డ్రై ఐస్ ఇంకా కొంత మిగిలే ఉంది. పెంకు అడ్డం పడి వేడి లోపలికి సరిగ్గా అందడం లేదు, అంతే.

మందు తేలికే. నీళ్లు 65, 70 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి, 40కి దిగగానే ఒక చెంబెడు మరిగే నీళ్లు పొయ్యండి. 30 డిగ్రీల నీటికన్నా 70 డిగ్రీల నీటి దగ్గర ఆవిరి ఒత్తిడి ఏడు రెట్లకు పైనే. పొగ చిక్కదనమంతా ఆ ఆవిరిదే. దిమ్మనైతే నేను గోనెసంచిలో వేసి సుత్తితో నిమ్మకాయంత ముక్కలు చేసుకుంటాను. గుళికలు కొనను, అవి ఒక్కసారిగా ఎగసి తొందరగా అయిపోతాయి. చలికి చెయ్యి కాలకుండా తోలు చేతి తొడుగులు, గ్యాస్ బయటికి పోయేలా బిగించని మూత, వీటి సంగతి మళ్లీ వివరంగా చెప్పను.

ఇప్పుడు అసలు విషయం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా "గ్యాస్ తెల్లగా వచ్చింది", "గ్యాస్ ఆగిపోయింది" అని ఉంది. ఈ మాట చూసినప్పుడల్లా నాకు మనసు ఆగదు. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు, అది కంటికి కనపడదు. మీరు చూసే తెలుపు నీళ్ల తుంపర. చల్లటి గ్యాస్ బుడగలోకి చుట్టూ ఉన్న వెచ్చటి నీళ్ల ఆవిరి చేరి, అక్కడే సన్నటి చుక్కలుగా మారుతుంది. బుడగ పైకొచ్చి పగిలితే ఆ చుక్కలు బయటపడతాయి. నమ్మకం కుదరకపోతే రెండు స్టీలు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో వేడి నీళ్లు, ఇంకోదానిలో పల్లీ నూనె పోసి, రెంటిలోనూ గోరంత ముక్క వెయ్యండి. బుడగలు రెంటిలోనూ వస్తాయి. తెలుపు మాత్రం నీళ్ల గ్లాసులోనే. నూనెలోంచి వచ్చేదీ అదే గ్యాస్, కానీ దానికి తోడు ఆవిరి లేదు.

ఇంకో రుజువు. పసుపు నీళ్లలో కాస్త సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుంది కదా, అందులో ఒక ముక్క వెయ్యండి. కాసేపటికి ఎరుపు పోయి మళ్లీ పసుపు రంగు తేలుతుంది. కనపడని గ్యాస్ నీళ్లలో కరిగి పులుపై, సున్నాన్ని విరిచేసిందన్నమాట. నీళ్లు చల్లబడి పొగ పలచబడినా ఈ పని జరుగుతూనే ఉంటుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. చాలా ఏళ్ల కిందట ఒక బడి వార్షికోత్సవంలో పాలకడలి దృశ్యానికి పొగ నేనే పెట్టాను. విష్ణువు వేషం వేసిన పిల్లాడు శేషతల్పం మీద పడుకుని ఉన్నాడు. పొగ పోయింది, తెర వేశారు, నేను బకెట్లు అక్కడే వదిలి వైర్లు చుట్టుకుంటున్నాను. పిల్లాడు లేవలేదు. దగ్గరికెళితే "తల దిమ్ముగా ఉంది" అన్నాడు, ఊపిరి గబగబా తీస్తున్నాడు. ఎత్తుకుని బయటికి తెచ్చాను, పది నిమిషాల్లో తేరుకున్నాడు. ఆ గ్యాస్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, పడుకున్నవాడి ముక్కు దగ్గరే పేరుకుంటుంది. 2020 ఫిబ్రవరిలో మాస్కోలో ఒక పుట్టినరోజు వేడుకకు, నాలుగు గోడల మధ్య ఉన్న ఈతకొలనులో పొగ కోసం పాతిక కిలోల డ్రై ఐస్ పోశారు. ముగ్గురు చనిపోయారు.

కిలో డ్రై ఐస్ దాదాపు 540 లీటర్ల గ్యాస్ అవుతుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మేకప్ గదిలో గాలి సుమారు 28,300 లీటర్లు. తలుపులు మూసి అయిదు కిలోలు వేస్తే గ్యాస్ పదో వంతుకు దగ్గరవుతుంది. పది శాతం దాటితే మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. నేల దగ్గర ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఈ వారం అభ్యాసం కాస్త కష్టమైనదే, అయినా తప్పించుకోవద్దు. ఆరుబయట, స్టీలు తపేలాలో, 60 డిగ్రీల నీళ్లు అయిదు లీటర్లు, డ్రై ఐస్ అరకిలో. రెండు నిమిషాలకోసారి థర్మామీటరు చూసి రాసుకోండి, 15 డిగ్రీల లెక్క ఎంతవరకు నిలిచిందో తేల్చండి. రెండో విడత కుళాయి నీళ్లతో, లీటరుకు 200 గ్రాముల చొప్పున చెయ్యండి. పొగ పూర్తిగా ఆగాక, అడుగున ఇంకా బుడగలు వస్తుండగానే, వెలిగించిన ఒత్తిని పొడవాటి పటకారుతో పట్టి తపేలా అంచు కిందికి మెల్లగా దించండి. ఎన్ని అంగుళాల దగ్గర ఆరిందో కొలవండి. తర్వాత మీరు పొగ పెట్టబోయే హాలు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, తలుపులు మూసి ఉన్నప్పుడు గ్యాస్ రెండు శాతం దాటకుండా ఎన్ని కిలోలు వాడొచ్చో లెక్క కట్టండి. ఆ అంకె రాసుకుని వచ్చే పాఠానికి రండి, గొట్టాలు దాన్ని బట్టే కోసుకోవాలి.