తిరుపతిలో ఆర్గానిక్ కాటన్ బట్టలు ఎలా కొనాలి?

బట్టల షాపులో అడిగి చూడండి, "ప్యూర్ కాటన్ సార్, ఆర్గానిక్కే" అనేస్తారు. ఆ రెండూ ఒకటి కాదు. ప్యూర్ కాటన్ అంటే పాలిస్టర్ కలపలేదని మాత్రమే. ఆర్గానిక్ అంటే జన్యుమార్పిడి విత్తనం, రసాయన ఎరువులు, కృత్రిమ పురుగుమందులు లేకుండా పత్తి పండించారని. మన దేశంలో 2002లో బీటీ పత్తికి, అంటే జన్యుమార్పిడి పత్తికి, అనుమతి వచ్చాక పత్తి చేలు చాలావరకు అవే. కాబట్టి మామూలు చొక్కా ఆర్గానిక్ కావడం అరుదు.

ముందుగా, చేత్తో తడిమో, పోగు కాల్చో ఆర్గానిక్ అని తేల్చుకోవాలని చూడకండి. పోగు కాల్చితే కాగితం కాలిన వాసన వచ్చి, బూడిద మెత్తగా రాలితే పత్తి. కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టర్. అంతవరకే. ఆర్గానిక్ పత్తి కూడా మామూలు పత్తిలాగే కాలుతుంది. గోధుమ రంగు, గరుకుదనం కూడా రుజువులు కావు.

తర్వాత లేబుల్ తిప్పి చూడండి. జీఓటీఎస్ (ఆర్గానిక్ బట్టలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం) గుర్తు పక్కన 'ఆర్గానిక్' అని ఉంటే కనీసం 95 శాతం, 'మేడ్ విత్ ఆర్గానిక్' అని ఉంటే కనీసం 70 శాతం ఆర్గానిక్ నూలు ఉండాలి. ఈ ప్రమాణం అద్దకంలో వాడే రసాయనాలకూ హద్దులు పెడుతుంది. ఓసీఎస్ అనే మరో ప్రమాణం గుర్తయితే పత్తి సంగతే చెబుతుంది, రంగుల జోలికి పోదు. గుర్తు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. సర్టిఫై చేసిన సంస్థ పేరు, లైసెన్స్ నంబరు కూడా ఉండాలి. షాపులో నిలబడే ఫోన్‌లో జీఓటీఎస్ వెబ్‌సైట్లో ఆ నంబరు వెతకండి. షాపాయన విసుక్కుంటే విసుక్కోనీ, డబ్బులు మీవి.

శ్రీకాళహస్తి కలంకారీ దగ్గర చాలామంది తికమక పడతారు. చేత్తో గీసిన అసలు పనిలో బట్టను కరక్కాయ, పాలలో నానబెట్టి సహజ రంగులే వేస్తారు. అయినా కింది బట్ట ఆర్గానిక్ పత్తి అని ఎవరూ హామీ ఇవ్వలేదు. వెంకటగిరి చీరకూ, చేనేత గుర్తుకూ అదే మాట. నచ్చితే నిక్షేపంగా కొనండి, ఆర్గానిక్ ధర మాత్రం ఇవ్వకండి.

ఇంతా చేస్తే ఎవరికి మేలు? ఒంటికని ప్రచారం చేస్తారు గానీ, నా లెక్కలో మొదటి మేలు రైతుకి, కూలీకి. మందు కొట్టేది, పీల్చేది వాళ్లే. పత్తికి అంటిన మందు బట్ట తయారీలో ఉడికించి ఉతికేటప్పుడు చాలావరకు పోతుంది. దురదలకు ఎక్కువగా రంగులు, ఫినిషింగ్ రసాయనాలే కారణం. అందుకే పసిపిల్లల బట్టలకు ఓసీఎస్ కంటే జీఓటీఎస్ మేలు.

ధర ఎక్కువే. బీరువా మొత్తం మార్చాలని టెన్షన్ పడొద్దు. పిల్లల జుబ్బాలు, బనియన్లు, తువ్వాళ్లతో మొదలుపెట్టండి. ఉన్న బట్టలు చిరిగేదాకా కట్టుకోండి.