మనసు తలుపులు – 3వ పాఠం: ‘రాదు’ను విప్పి చూద్దాం

"నాకు రాదు", "నావల్ల కాదు" అని నోట వచ్చిన ప్రతిసారీ ఒక గీత గీయమని పోయిన పాఠంలో చెప్పాను. నేనూ గీశాను. మూడు రోజుల్లో పదకొండు గీతలు. ఎక్కువసార్లు వచ్చిన మాట ‘రాదు’.

ఈ మాటను కాస్త దగ్గరగా చూడండి. "ఈ రాత్రి వాన రాదు" అంటే ఇక ముందు సంగతి. "నాకు ఈత రాదు" అంటే ఇప్పటి సంగతి. రెండింటికీ మాట ఒకటే. అందుకే ఇవాళ్టి గురించి చెబుతున్నామనుకుంటూ రేపటిని కూడా మూసేస్తాం. అదే శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో కూర్చుని "పాలకొండ బస్సు ఇంకా రాలేదు" అంటే? వస్తుందనే కదా కూర్చున్నాం!

అయితే మాట మారిస్తే సరిపోదు. స్కూటీ నేర్చుకోవాలనుకున్నప్పుడు నేను నెల రోజులు "ఇంకా రాలేదు" అనుకుంటూ గడిపాను, బండి మాత్రం బయటికి తీయలేదు. ఒకరోజు మా తమ్ముడి భార్య అడిగింది: "ఏది రావట్లేదు వదినా? బ్యాలెన్సా, బ్రేకా, మలుపా?" ఆలోచిస్తే, చిన్నప్పుడు సైకిల్ తొక్కాను కాబట్టి బ్యాలెన్స్ ఉంది. బ్రేకూ పడుతోంది. విజయనగరం కోట జంక్షన్‌లో ఎదురుగా ఆటోలు వస్తుంటే కుడివైపు తిరగాలంటేనే టెన్షన్. ఇన్నాళ్లూ నన్ను ఆపింది ఆ ఒక్క మలుపు! పొద్దున్నే అయోధ్యా మైదానంలో పది రోజులు తిప్పాక అదీ వచ్చింది.

శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారికి మొదట్లో సవర గిరిజనుల భాష తెలియదు. ఆ భాషకు అప్పటికి లిపి లేదు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని నేర్చుకున్నారు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి దెబ్బతింది. అయినా వదల్లేదు. సవర భాషపై ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1931లో అచ్చయ్యేనాటికి డెబ్బైకి దగ్గరపడ్డారు. నాకు ఆయన దగ్గర బాగా నచ్చేది ఆ మొదటి అడుగు: తెలిసిన మనిషిని వెతుక్కోవడం.

ఒక్క మాట. ఫీజు కట్టలేక చదువు ఆగిపోయినవాళ్లకు "ఆలోచన మార్చుకో" అని చెప్పడం అన్యాయం. డబ్బు లేకపోవడం, ఒంట్లో బాగోకపోవడం మన భ్రమలు కావు. అలాంటి గీతలు ఉంటే వేరే పేజీలో పెట్టండి, వాటికి కావాల్సిన సాయం వేరు.

ఈ వారం పని: మీ గీతల్లోంచి ఒక్క ‘రాదు’ తీసుకోండి. అందులో మీకు ఇప్పటికే వచ్చినవన్నీ రాయండి, చిన్నవైనా సరే. మిగిలిన ముక్క కింద గీత గీసి, అది బాగా తెలిసిన ఒక మనిషి పేరు పక్కన రాయండి. వెళ్లి, "ఒక్కసారి చేసి చూపిస్తారా?" అని అడగండి. అంతకంటే ఎక్కువ అడగొద్దు.

వచ్చే పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. అడగడానికి సిగ్గుపడి ఆగిపోయినవాళ్లతోనే మొదలుపెడదాం.