రిమోట్ డీబగ్గింగ్‌లో బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగకపోతే ముందు బిల్డ్-ఐడీ చూడండి

వేరే మెషిన్‌లో నడిచే ప్రోగ్రామ్‌లోని తప్పుల్ని మన మెషిన్ నుంచి వెతకడమే రిమోట్ డీబగ్గింగ్. మన దగ్గరి జీడీబీ (డీబగ్గర్) అక్కడి జీడీబీసర్వర్‌కి కనెక్ట్ అవుతుంది, ప్రోగ్రామ్ నడుస్తుంది, కానీ బ్రేక్‌పాయింట్ (ఆగమని మనం గుర్తు పెట్టిన లైన్) దగ్గర ఆగదు. లేదా సంబంధం లేని లైన్ దగ్గర ఆగుతుంది. ఇలాంటప్పుడు చాలామంది నెట్‌వర్క్‌నీ, ఎడిటర్ సెట్టింగ్స్‌నీ కెలుకుతూ గంటలు పోగొట్టుకుంటారు. దయచేసి ముందు ఇది చూడండి: అవతలి మెషిన్‌లో నడుస్తున్న బైనరీ (కంపైల్ అయిన ప్రోగ్రామ్ ఫైల్), మీ దగ్గర సింబల్స్‌తో (ఫంక్షన్ల పేర్లు, లైన్ల వివరాలు) ఉన్న బైనరీ ఒకే బిల్డ్‌వేనా?

రెండు చోట్లా ఆ బైనరీ మీద 'రీడ్ఎల్ఫ్' కమాండ్‌ని హైఫన్ ఎన్ ఆప్షన్‌తో నడిపితే బిల్డ్-ఐడీ (ఆ బిల్డ్‌ని గుర్తించే కోడ్) కనిపిస్తుంది. తేడా ఉంటే కొత్త బైనరీని మళ్లీ కాపీ చేయండి. స్ట్రిప్ చేసినా (సింబల్స్ తీసేసినా) ఈ ఐడీ మారదు కాబట్టి, అవతల చోటు తక్కువైతే స్ట్రిప్ చేసిన కాపీ ఉంచినా చాలు.

ఐడీలు కలిసి, సోర్స్ మాత్రం కనిపించకపోతే అది పాత్ సమస్య. డాకర్ కంటైనర్‌లోనో సీఐలోనో (ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసే వ్యవస్థ) బిల్డ్ చేస్తే అక్కడి ఫోల్డర్ పేరే డీబగ్ సమాచారంలో ఉండిపోతుంది. జీడీబీలో 'ఇన్ఫో సోర్స్' కొడితే ఆ పాత్ తెలుస్తుంది, 'సెట్ సబ్‌స్టిట్యూట్-పాత్'తో దాన్ని మీ ఫోల్డర్‌కి మళ్లించండి.

కనెక్ట్ అవడానికే మరీ ఆలస్యమైతే, లైబ్రరీలను అవతలి నుంచి తెచ్చుకుంటోందేమో చూడండి. లోకల్ కాపీ పెట్టుకుని 'సెట్ సిస్‌రూట్'తో ఆ ఫోల్డర్‌ని జీడీబీకి చూపిస్తే ఆ నిరీక్షణ తగ్గుతుంది.